ఫొటో సరే, సెత్తేది?

పెద్దమ్మ పోయిందని చెప్పడానికి అన్నయ్య పొద్దున్నే ఫోన్ చేశాడు. "అమ్మ ప్రభువు దగ్గరికెళ్లిపోయిందే" అన్నాడు. నాకు ఏడుపు గొంతులోకి ఇంకా రానే లేదు, "నీకాడ అమ్మది మంచి ఫొటో ఏదన్నా ఉంటే పంపు, ఫ్లెక్సీ ఎయ్యాలి" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు రోత పుట్టింది. అన్నయ్యని తప్పుపట్టలేను. తల్లి పోయిన మనిషి, చేతికి ఏదో ఒక పని లేకపోతే నిలబడలేడు. కానీ లోకంలో ఇన్ని పనులుండగా, ఆవిడ అంతగా అసహ్యించుకున్న ఆ ఒక్క పనే దొరకాలా అని, ఆనందపురం నుంచి వన్ టౌన్ వెళ్లే బస్సులో దారి పొడవునా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను. దారిలో ప్రతి కూడలిలోనూ ఎవరిదో ఒకరి మొహం ఫ్లెక్సీ మీద నవ్వుతూనే ఉంది.

మీకు ఆవిడ గురించి చెప్పాలి. మా అమ్మకి సొంత అక్క. వన్ టౌన్‌లో ఒక మిషన్ బడిలో సైన్సు చెప్పి రిటైరయింది. రిటైరయ్యాక అందరూ బైబిలు చదువుకుంటూ, మనవల్ని ఆడిస్తూ కూర్చుంటుందని అనుకున్నారు. బైబిలు చదివింది కానీ కూర్చోలేదు. టెన్తు, ఇంటరు, డిగ్రీ చదివే పిల్లల్ని పోగేసి, శనివారం పొద్దున్నే ఫొటోలు తీయించడానికి బయల్దేరదీసేది. ఆవిడ దగ్గర ఒక పాత కెమెరా ఉండేది. వంతులవారీగా దాన్ని పిల్లల మెడలో వేసేది. మిగిలినవాళ్లు ఇంట్లో అమ్మనో నాన్ననో బతిమాలి తెచ్చుకున్న ఫోన్లతో తీసేవారు. సగం ఫోన్ల అద్దాలు పగిలినవే. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి ఆ గుంపు వెనకాల నడిచేదాన్ని, పిల్లల్ని రోడ్డు దాటించడానికి.

ఆ ఫొటోలకి ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. ముందు ఫొటో తీయాలి. ఉన్నది ఉన్నట్టు తీయాలి, కాలి బొటనవేలితో కూడా కదపకూడదు. ఫొటో అయ్యాక ఆ ఫొటోలో ఉన్న చెత్తని ఎత్తి సంచిలో వేసుకుని ఇంటికి తేవాలి. పెద్దమ్మ డాబా మీద అందరూ వరసగా కూర్చునేవారు. పిల్లవాడు ఫోన్ చాచి చూపిస్తే ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుని ఫొటో చూసి, తర్వాత వాడి ఖాళీ చేతులకేసి చూసి, "ఫొటో సరే, సెత్తేది?" అనేది. తేకపోతే ఆ ఫొటో గురించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. చచ్చిన కాకినో చేపనో తీస్తే దాన్ని పూడ్చి రావాలి, చేతులకంటిన మట్టి చూపించాలి. ఒకసారి ఒకడు ఇసకలో సగం కూరుకుపోయిన లారీ టైరుని చక్కగా ఫొటో తీశాడు. తీసినందుకు నలుగురు కలిసి దాన్ని తవ్వి, బీచ్ రోడ్డు మీద నుంచి వన్ టౌన్ దాకా దొర్లించుకుంటూ వచ్చారు. దారిలో పోలీసాయన ఆపి ఎక్కడ కొట్టుకొచ్చారని అడిగాడట. వాడు మళ్లీ జన్మలో టైరు జోలికి పోలేదు.

ఫొటోలు బాగుండటం ఆవిడకి పెద్దగా పట్టేది కాదు. ఫిషింగ్ హార్బర్లో ఒక రోజు వేలం పాటలు అయిపోయి, బోట్ల పక్కన నీళ్ల మీద డీజిలు తెట్టు కట్టి ఏడు రంగులూ మెరుస్తున్నాయి. ఒక కుర్రాడు దాన్ని తీసుకొచ్చి మురిసిపోతూ చూపించాడు. నిజంగానే పట్టుచీర కొంగులా ఉంది. పెద్దమ్మ చూసి, "అందంగానే ఉందిరా. తాగుతావేటి?" అంది. అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు. కానీ తర్వాతి వారం వాడు అదే చోట తెట్టులో తడిసిన రెక్కలతో ఎగరలేక బోటు అంచున కూర్చున్న నీటికాకిని తీసుకొచ్చాడు. సెత్తేదని అడిగితే తన చొక్కా చూపించాడు. ఆ పక్షిని చొక్కాతోనే తుడిచాడట. చొక్కా జిడ్డుతో నల్లగా అయిపోయింది. పెద్దమ్మ వాడికి అన్నయ్య చొక్కా ఇచ్చి పంపించింది.

సొంతవాళ్లని వెనకేసుకు రావడం ఆవిడకి తెలీదు. మా చర్చి వార్షికోత్సవం విందయ్యాక ప్రహరీ వెనక థర్మాకోలు ప్లేట్లు గుట్ట పోసి, దాని మీద పప్పూ అన్నం పులిసి, కుక్కలు చింపుతుంటే, ఆ శనివారం పిల్లల్ని సముద్రానికి కాక నేరుగా అక్కడికే తీసుకుపోయింది. పాస్టరుగారు నొచ్చుకున్నారు. సంఘం పెద్దలు మా పెదనాన్నగారి పేరు ఎత్తి, ఆయన ఉంటే ఇలా జరిగేదా అన్నారు. ఆయన ఉంటే ప్లేట్లు మోసేవారు అని ఈవిడ జవాబు. ఆ రోజు ఆ పులిసిన ప్లేట్లు పిల్లలతోపాటు నేనూ ఎత్తాను. ఆ వాసన ఇప్పుడు రాస్తుంటే కూడా ముక్కుకి తగులుతోంది. నేను కక్కబోతుంటే పెద్దమ్మ వీపు రాసి, "మంచిదే. రోత పుట్టిందంటే ముక్కింకా బతికుందన్నమాట" అంది.

ఆవిడ చెప్పిన పాఠం ఇంతే అనుకుంటాను. కంపు అలవాటైపోకూడదు. వన్ టౌన్ ఇళ్లలో పొద్దున్నే కిటికీ గట్టు మీద వేలు పెడితే పోర్టు నుంచి ఎగిరొచ్చిన నల్లటి బొగ్గు పొడి అంటుతుంది. అందరం తుడుచుకుంటాం, సాయంత్రానికి మళ్లీ అంటుతుంది, మళ్లీ తుడుచుకుంటాం. పెద్దమ్మ కూడా తుడిచేది. కానీ తుడిచే ముందు ప్రతిసారీ మొహం చిట్లించేది, మొదటిసారి చూసినట్టు.

ఇక నూకరత్నం సంగతి. ఆ గుంపులో అందరికన్నా చురుకైన పిల్ల. వాళ్ల నాన్న మెకనైజ్డ్ బోటు మీద వేటకి వెళ్తాడు. అప్పుడు ఇంటరు చదివేది. ఒక సంస్థ వాళ్లు 'ప్రకృతి, మనిషి' అని కుర్రకారుకి ఫొటోల పోటీ పెట్టారు. రత్నం పెద్దమ్మకి చూపించకుండానే తన ఫొటో పంపింది, మొదటి బహుమతి వచ్చింది. ఒడ్డుకి కొట్టుకొచ్చి చచ్చిపడున్న పెద్ద తాబేలు, దాని చుట్టూ పాల కవర్లు, షాంపూ పొట్లాలు, చిప్స్ ప్యాకెట్లు. ఒక కవరు సరిగ్గా దాని నోటి దగ్గర. చూసినవాళ్లందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను.

పెద్దమ్మ అయ్యో అనలేదు. రత్నాన్ని పిలిచి, మెచ్చుకుని, ఎప్పటిలాగే సెత్తేదని అడిగింది. రత్నం నియమం తప్పలేదు, సంచి పట్టుకొచ్చింది. తాబేలుని పూడ్చానని కూడా చెప్పింది. పెద్దమ్మ ఆ సంచిని డాబా మీద బోర్లించింది. కవర్లన్నీ గలగలమంటూ పడ్డాయి. పాల కవర్లు కత్తెరతో నీటుగా కత్తిరించి ఉన్నాయి. ఒక్కదాని మీదా తడి లేదు, ఉప్పు లేదు. పెద్దమ్మ సంచిని తిరగేసి దులిపింది. ఏమీ రాలలేదు.

"ఇసకేదే?" అంది.

రత్నం తల దించుకుంది. పెద్దమ్మ కోప్పడలేదు, అలా అని వదల్లేదు. "ఒడ్డంతా సెత్తే కదే. అది సాలక ఇంటికాడ్నుంచి మోసుకెళ్లావేటే?" అంది. ఎంత రోతగా అందో, ఆ మాటకి నాకే ఒళ్లు ముడుచుకుపోయింది.

అప్పుడా పిల్ల ఏడుస్తూ ఉన్న సంగతి చెప్పింది. ఆ తాబేలు మెడ మీద వల తాడు కోసుకుపోయిన గీత ఉందట. వలలో చిక్కి, పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చింది. బోట్లవాళ్ల పిల్ల, చూడగానే తెలిసిపోయింది. ఆ వల ఎవరిదో మాత్రం తెలీదు. "మా నాయినదే అయ్యుంటే ఏటి సెయ్యనమ్మా?" అంది. అందుకని ఆ గీత కనపడకుండా మెడ మీద ఒక కవరు పరిచి, మిగిలినవి చుట్టూ సర్దింది. ప్లాస్టిక్ అంటే ఎవరినీ అన్నట్టు ఉండదు కదా. అందరూ అయ్యో అనేసి ఇళ్లకి పోవచ్చు.

పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ నాయినేటి సేత్తాడే. ఆడు పట్టేది నాకోసమే. తినేది నాను. నా మెడకి కూడా ఉంది ఆ తాడు" అంది. ఆవిడ చేపలు మానలేదు, ఆ మాట కూడా దాచలేదు. ఆ మధ్యాహ్నం కూడా పెద్దమ్మ ఇంట్లో వండింది చేపల పులుసే, రత్నం అక్కడే తిని వెళ్లింది.

బహుమతుల సభకి ముగ్గురం వెళ్లాం. పర్యావరణం గురించి సభ, ప్రతి కుర్చీ మీదా ఒక చిన్న నీళ్ల సీసా. వేదిక వెనక రత్నం ఫొటోనే ఫ్లెక్సీగా కట్టారు, తాబేలు ఏనుగంత అయింది. రత్నం పేరు పిలిస్తే వెళ్లి, మైకు పట్టుకుని, చెత్త తనే పెట్టానని, తాబేలు వలలో చచ్చిందని చెప్పింది. నేను హాలు నిశ్శబ్దమైపోతుందనుకున్నాను. ఏమీ కాలేదు. సంస్థ పెద్దాయన నవ్వుతూ మైకు తీసుకుని, చిన్నపిల్ల నిజాయితీకి చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టారు. బహుమతి ఆ పిల్ల చేతిలోనే పెట్టాడు. కిందకి దిగాక పెద్దమ్మ వెళ్లి ఆ ఫొటో తీయించెయ్యమంటే, ఆయన చాలా మర్యాదగా, మెసేజ్ ముఖ్యం కదా మేడమ్, ఎలా తీస్తే ఏముంది అన్నాడు. ఆ ఫ్లెక్సీ మీద వాళ్లకి డబ్బు సాయం చేసినవాళ్ల బొమ్మలన్నీ ఉన్నాయి మరి.

రత్నం ఆ బహుమతిని కుర్చీలో వదిలేసి వచ్చింది. వాళ్లు మాత్రం ఆ ఫ్లెక్సీని తెచ్చి కూడలిలో కట్టారు. ఎండకి రంగు పోయి, గాలికి చిరిగి, ముక్కలు ముక్కలుగా రాలి పక్కనే పారే మురుగు కాలవ, గెడ్డలో పడేవరకూ అది అక్కడే ఉంది. తాబేలుని కాపాడుదాం అన్న అక్షరాలు ఊరి మురుగులో కలిసి సముద్రంలోకి వెళ్లాయి. ఇంతకన్నా చండాలం ఇంకేముంటుందో మీరే చెప్పండి. ఆ రోజు నుంచి పెద్దమ్మకి ఫ్లెక్సీ అంటే ఒళ్లు మంట.

తర్వాత ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. డాబా మెట్లెక్కలేకపోయేది. పిల్లలే వరండాలోకి దిగొచ్చేవారు. ఆఖర్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు మిగిలినవాళ్లు టీ తాగడానికి వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మంది. నగల గురించో ఇంటి గురించో చెబుతుందనుకున్నాను. "నా మొకం ఫ్లెక్సీ మీద ఎయ్యనీకే. గెడ్డలో తేల్తాను" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నేను మాటిచ్చాను.

ఆ మాటే అన్నయ్యకి ఫోన్లోనూ చెప్పాను, బస్సు దిగి ఇంట్లోకి వెళ్లగానే మళ్లీ చెప్పాను. అన్నయ్య ఎర్రబడ్డ కళ్లతో, వీధిలో అందరి తల్లులకీ వేశారు, నా తల్లికి వెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారే అన్నాడు. ఆర్డరు ఇచ్చేశాడట. సందు మొగన ఒకటి, చర్చి గేటుకి ఒకటి. ఇవి కాక పూర్వ విద్యార్థులది ఒకటి, వార్డులో నాయకుడిది ఒకటి. ఆ నాయకుడి ఫ్లెక్సీలో పెద్దమ్మ మొహం తపాలా బిళ్లంత, ఆయన మొహం బియ్యం బస్తా అంత. నమస్కారం పెట్టి ఓట్లు అడుగుతున్నట్టే ఉన్నాడు. 'పర్యావరణ ప్రేమికురాలికి అశ్రునివాళి' అని కింద. ఒకరు ప్లాస్టిక్ పూల దండ తెచ్చారు. వాడిపోదు కదా అని గొప్పగా చెప్పారు కూడా. జ్ఞాపకార్థ కూటానికి వచ్చినవాళ్లకి నీళ్ల ప్యాకెట్లు పంచారు. ప్రార్థన జరుగుతుంటే పళ్లతో వాటి మూలలు కొరికి ఉమ్మిన ముక్కలు నా కాళ్ల దగ్గర పడ్డాయి. ఆవిడ శనివారం పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నారు. వాళ్ల మొహాల్లోకి చూడటానికి నాకు సిగ్గేసింది. ఆవిడ ఇన్నేళ్లు మనల్ని వద్దన్నది ఒక్కటే కదా, అదే మనం ఆవిడ పేరు మీద చేశాం.

కూటం అయిన మర్నాడు నేను కత్తెర పట్టుకుని బయల్దేరాను. వాయుగుండం అని చెబుతున్నారు, గాలి అప్పటికే లేచింది. అన్నయ్య వెనకాలే నిచ్చెన పట్టుకొచ్చాడు. చర్చి గేటుది విప్పాం, పూర్వ విద్యార్థులది విప్పాం. నాయకుడిది విప్పుతుంటే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఎవరు విప్పమన్నారని గదమాయించారు. ఆవిడే విప్పమంది అన్నాను. వాళ్లు పక్కకి తప్పుకున్నారు. సందు మొగకి వచ్చేసరికి అన్నయ్య వేయించిన పెద్ద ఫ్లెక్సీ లేదు. చెక్క ఫ్రేము ఒక్కటే మిగిలింది, మూలన ఒక పీలిక ఎగురుతోంది. గాలి ఎటు తీసుకుపోయిందో తెలీదు. ఇద్దరం సందులన్నీ వెతికాం. గెడ్డ దగ్గరికి వెళ్లి వంగి చూశాం. నల్లటి నీళ్లు, పొంగుతున్న నురగ, దాని మీద ఊరి చెత్తంతా కదిలిపోతోంది. వాన మొదలైంది. అన్నయ్య ఆ నీళ్లనే చూస్తూ, "గెడ్డలో తేల్తానందా?" అని అడిగాడు. అంది అన్నాను. అతను తల్లి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

వానలు తగ్గాక నూకరత్నం వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల ఒక స్టూడియోలో పని చేస్తోంది, పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తుంది. మోకాళ్ల దాకా బురద, చేతిలో బియ్యం గోనెసంచి. వరండాలోకి రమ్మంటే డాబా మీదకే పోదామంది. అన్నయ్యా మాతో వచ్చాడు. పైకి వెళ్లాక రత్నం ముందు సంచి విప్పలేదు, ఫోన్ తీసి ఇచ్చింది.

గెడ్డ సముద్రంలో కలిసే చోటు. ఇసక తిన్నె మీదకి మురుగు పరుచుకున్న చోట పెద్దమ్మ వెల్లకిలా ఉంది. సగం మొహం నీళ్లలో, సగం ఇసకలో. ఒక చెంప మీద నురగ. గడ్డం కింద చిప్స్ ప్యాకెట్టు, నుదుటి మీద ఎవరి కాలి చెప్పో. కింద 'ప్రభువు నందు నిద్రించిన' అన్న అక్షరాల మీద ఒక ఎండ్రకాయ. కళ్లు మాత్రం నేరుగా మనకేసే చూస్తున్నాయి. అన్నయ్య ఫోన్ తీసుకుని చూసి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నాను ముట్టుకోలేదక్కా" అంది రత్నం. "సెప్పు కూడా తియ్యలేదు. ముందు ఫొటో తీసాను."

అన్నయ్య ఆ ఫొటో తనకి పంపమన్నాడు. రత్నం నాకేసి చూసింది. పంపమన్నాను. అమ్మది మంచి ఫొటో కావాలని మొదటి రోజు అడిగినవాడు, ఆ ఫొటోని బంధువుల గ్రూపులో పెట్టి, ఒక్క మాట కూడా రాయకుండా ఫోన్ జేబులో వేసుకున్నాడు.

అప్పుడు రత్నం గోనెసంచి మూతి విప్పి, డాబా మీద బోర్లించింది. ఆ చెప్పు పడింది, చిప్స్ ప్యాకెట్టు పడింది, మడతలు పడ్డ ఫ్లెక్సీ బరువుగా జారి పడింది. పిల్ల సంచిని తిరగేసి, రెండు మూలలూ పట్టుకుని, గట్టిగా దులిపింది. నల్లటి తడి ఇసక దోసిళ్ల కొద్దీ రాలి, పెద్దమ్మ కూర్చునే చోట కుప్పపడింది. అన్నయ్య చీపురు కోసం లేచి, మళ్లీ కూర్చున్నాడు.